తెలిసినవారికి సీటు లేదు

సముద్రం గురించి తెలిసినవాళ్లు సముద్రం గురించి చదవడానికి పనికిరారన్న సంగతి సూరాడ నూకరత్నానికి కౌన్సెలింగ్ హాల్లో, తొమ్మిదో నంబరు కౌంటర్ దగ్గర తెలిసింది. అప్పటికి ఆమె ప్రవేశపరీక్షలో వందకి తొంభైమూడు మార్కులు తెచ్చుకుని ఉంది. రాష్ట్రం మొత్తానికి అదే మొదటి మార్కు. కౌంటర్‌లోని గుమాస్తా కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. పేరుకెదురుగా ఎర్రక్షరాలతో 'అధిక జ్ఞానం, తిరస్కరించడమైనది' అని ఉంది.

"ఏదో తప్పు పడుంటదండి. ఫస్టు మార్కు నాదేనంటున్నారు కదా," అంది నూకరత్నం.

"అందుకేనమ్మా తిరస్కరించింది. రెండో మార్కువాణ్ణి కూడా తిరస్కరించాం. ఇందులో పక్షపాతమేమీ లేదు," అన్నాడు గుమాస్తా, ఆమె మనసు కుదుటపరుస్తున్నట్టు.

నూకరత్నానిది పాతరేవుపేట. కాకినాడకి ఉత్తరంగా, సముద్రం ఒడ్డునే ఉన్న బెస్తవాళ్ల ఊరు. ఒడ్డున అనడం మర్యాదకే. ఆమె పుట్టేనాటికి వాళ్లింటికీ నీళ్లకీ మధ్య మూడు వీధులుండేవి. ఆమె నాలుగో తరగతిలో ఉండగా మొదటి వీధి పోయింది. ఎనిమిదో తరగతిలో బడితో సహా రెండోది పోయింది. ఇంటర్ పరీక్షలకి ముందు మూడోదీ పోయి, వాళ్లిల్లే మొదటి వరసలోకి వచ్చింది. ఆమెతో చదివినవాళ్లందరూ కళ్లు మూసుకుని కంప్యూటర్లలో చేరారు. ఈ పిల్ల మాత్రం 'జల, సముద్ర వనరుల నిర్వహణ' అనే డిగ్రీ ఉందని, అందులో తీరాన్ని కాపాడటం నేర్పుతారని ఎక్కడో చదివి, వెబ్ ఆప్షన్లలో నలభై కాలేజీలు పెట్టుకోమంటే ఆ ఒక్కటే పెట్టింది. ఊరు మిగలాలంటే ఎవరో ఒకరు అది నేర్చుకోవాలి కదా అనుకుంది. ఆమె తప్పల్లా అదే.

ఆ విశ్వవిద్యాలయం సముద్రానికి మూడువందల పన్నెండు కిలోమీటర్ల దూరంలో, ఒక గుట్ట మీద ఉంది. ఒడ్డున కడితే ఉప్పుగాలికి బీరువాలు తుప్పుపడతాయని స్థల నిర్ణయ కమిటీ తేల్చింది. నూకరత్నం తండ్రి లోవరాజుని వెంటబెట్టుకుని ఆ గుట్ట ఎక్కి, ప్రవేశాల కన్వీనర్ డాక్టర్ దివాకరంగారి గది ముందు మూడున్నర గంటలు నించుంటే, ఆయన దర్శనం దొరికింది.

"అమ్మాయ్, నీ ఆవేదన మా పరిశీలనలో ఉంది," అన్నాడు దివాకరంగారు. ఆయన మామూలుగా మంచినీళ్లు అడిగినా సర్క్యులర్ చదువుతున్నట్టే ఉంటుంది. "అయితే ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను ప్రస్తుతం విలువ జోడింపు సూచిక ద్వారా నిర్ధారిస్తున్నారు. విద్యార్థి చేరేనాటికి ఎంత తెలుసు, వెళ్లేనాటికి ఎంత తెలుసు, ఆ రెంటికీ గల వ్యత్యాసమే సంస్థ ఘనత. నీకు చేరేనాటికే తొంభైమూడు తెలుసు. మేము శక్తివంచన లేకుండా బోధించినా ఏడుకి మించి జోడించలేము. నీ వంటివారు పదిమంది చేరితే మా గ్రేడు ఏం కావాలి?"

ఇదంతా ఉపకులపతిగారి ఆలోచన. వ్యత్యాసం పెంచడానికి రెండు దారులున్నాయని ఆయన కనిపెట్టాడు. వెళ్లేవాళ్ల తెలివి పెంచడం ఒకటి, వచ్చేవాళ్ల తెలివి తగ్గించడం రెండోది. మొదటిదానికి అధ్యాపకులు కావాలి. రెండోదానికి ఒక సర్క్యులర్ చాలు. సర్క్యులర్ వచ్చిన ఏడాదే విశ్వవిద్యాలయం గ్రేడు రెండు మెట్లు ఎక్కింది. ఇరుగుపొరుగు రాష్ట్రాల వాళ్లు వచ్చి చూసి, నోట్ చేసుకుని వెళ్లారు.

లోవరాజు చేతులు కట్టుకుని, "అయ్యా, పిల్ల మూడేళ్ల నుంచీ ఇదే పలవరిస్తందండి. ఏదోటి సూడండి బాబూ," అన్నాడు.

దివాకరంగారు జాలిగుండె కలవాడే. రూళ్ల పుస్తకం తిరగేసి, అప్పీలుకి అవకాశముందని చెప్పాడు. ఇంటి గడప సముద్రానికి కనీసం వంద మీటర్ల దూరంలో ఉన్నట్టు రెవెన్యూవారి ధ్రువపత్రం తేవాలి. ఆపైన మౌఖిక పరీక్షలో, సముద్రం గురించి తనకేమీ తెలియదని బోర్డు ఎదుట నిరూపించుకోవాలి.

మర్నాడే వీఆర్వో గంగాధరం టేపు పట్టుకుని పాతరేవుపేట వచ్చాడు. గడప దగ్గర ఒక కొస నూకరత్నానికిచ్చి, రెండో కొస పట్టుకుని నీళ్ల వైపు నడిచాడు. ముప్పై ఎనిమిది అన్నాడు. అంతలో అల వచ్చి బూట్లు తడిపింది. ముప్పై ఒకటి అన్నాడు. అల వెనక్కి పోయింది, నలభై రెండన్నాడు. మరో అల వచ్చింది. ఆయన సర్వీసులో పొలాలు కొలిచాడు, శ్మశానాలు కొలిచాడు, చెరువులు సైతం కొలిచాడుగానీ, కొలుస్తుండగా కదిలే సరిహద్దు ఇదే మొదటిది. ఏ అల దగ్గర కొలవాలో జీవోలో లేదు.

ఆయన అవస్థ చూడలేక నూకరత్నమే చెప్పింది. "ఇప్పుడు పోటు మీదుందండి. బేస్తవారం రండి, పున్నమెళ్లిన మర్నాడు. మధ్యాన్నం మూడింటికి నీరు లాక్కెళ్లిపోయి అదిగో ఆ నల్లరాయి బయటపడద్ది. వంద పైనే వస్తది."

గంగాధరం గురువారం మూడింటికి వచ్చాడు. నీళ్లు నల్లరాయి అవతలికి పోయి ఉన్నాయి. నూట నాలుగు మీటర్లు. ఆయన ముచ్చటపడిపోయి ధ్రువపత్రం అక్కడికక్కడే రాసి, ముద్రేసి ఇచ్చాడు. నిజాయితీపరుడు కావడం వల్ల కింద రిమార్కుల గడిలో ఒక వాక్యం కలిపాడు: 'అభ్యర్థినికి ఆటుపోట్ల వేళలు నిమిషాలతో సహా తెలియును.'

ఆ వాక్యంతో విశ్వవిద్యాలయం గుండె గుభేలుమంది. అభ్యర్థిని పరిస్థితి ఆందోళనకరంగా ఉందనీ, మౌఖిక పరీక్షకి ముందు గుర్తింపు పొందిన సంస్థలో నలభై ఐదు రోజుల జ్ఞాన నివారణ శిక్షణ తీసుకోవాలనీ ఉత్తరం వచ్చింది.

గుర్తింపు పొందిన సంస్థలకేం కొదవ? సర్క్యులర్ మీద సిరా ఆరకముందే కాకినాడలో పదకొండు వెలిశాయి. నూకరత్నం చేరింది శూన్య అకాడమీలో. అంతకుముందు అదే మేడలో ర్యాంకుల కోచింగ్ నడిచేది. అవే ఇరుకు గదులు, అవే బల్లలు, పొద్దున ఐదింటికి అదే బెల్లు. బోర్డు మాత్రం మారింది. ఫిజిక్స్ చెప్పే బుచ్చిబాబు మాస్టారే ఇప్పుడు ప్రిన్సిపాలు.

"ఇరవై రెండేళ్లు పిల్లలకి చదువు చెప్పానమ్మా, ఎవరికీ అబ్బలేదు," అన్నాడాయన మొదటిరోజు క్లాసులో. "ఇప్పుడు చదువు పోగొడుతున్నాను. నూటికి నూరు శాతం ఫలితాలు. ఈ పని ముందే చేసుండాల్సింది."

ఆయన చెప్పేదాంట్లో కిటుకుంది. బోర్డు వాళ్లు ప్రశ్న వేస్తే తెలియదనకూడదు. తనకి తెలియదని తెలుసుకోవడం కూడా ఒక రకం జ్ఞానమేనని, దానికి అర మార్కు వేసేస్తారు. తప్పు చెప్పాలి. నసగకుండా, కళ్లలోకి చూస్తూ, ధీమాగా చెప్పాలి. పోటు ఎందుకొస్తుందంటే, ఎగువన డ్యాము గేట్లు ఎత్తడం వల్ల. అలలెందుకొస్తాయంటే, పడవల తాకిడికి. సగం నిజం చెప్పినవాళ్లని మాస్టారు బెంచీ ఎక్కించేవాడు.

నూకరత్నం కష్టపడింది. పాపం, మొదట్లో చాలా ఇబ్బందిపడింది. క్లాసు మధ్యలో కిటికీలోంచి గాలి మొహానికి తగలగానే, "గాలి మళ్లింది, రేపు వేటకెల్లకూడదు," అనేసేది. మాస్టారు ఆమెని కిటికీకి దూరంగా, మూల బల్లకి మార్చాడు. నెల తిరిగేసరికి మోడల్ టెస్టులో వందకి మూడుకి దిగింది. ఆదివారం ఇంటికెళ్లి, వల బాగుచేసుకుంటున్న తండ్రి పక్కన కూర్చుని, "చేపలు రాత్రిళ్లు ఒడ్డుకొచ్చి పడుకుంటాయి నాన్నా," అని వల్లె వేసుకుంటుంటే లోవరాజు దారం వదిలేశాడు.

"నువ్వు సదువుకోడానికెల్లావా, ఉన్నది మర్సిపోడానికెల్లావా?"

"ముందు మర్సిపోతేనే తర్వాత ఆళ్లు సెప్తారంట నాన్నా."

"మనకి తెల్సిందే మనకి సెప్తారా?"

"ఆళ్లు సెప్పింది తీసుకుంటేనే కాయితం ఇత్తారు. కాయితముంటేనే ఊరికోసం మాట్టాడనిత్తారు," అంది నూకరత్నం. ఆమె లెక్కలో పొరపాటేమీ లేదు. లోవరాజు మళ్లీ దారం అందుకున్నాడు. తన కూతురు తన వృత్తిని అబద్ధాలుగా మార్చి కంఠస్థం చేస్తుంటే వినడం ఆయనకి మనసులో ముల్లులా గుచ్చుకుంది.

మౌఖిక పరీక్ష రోజున గుట్ట మీద పండగలా ఉంది. నూకరత్నానికి ముందు లోపలికి వెళ్లిన కుర్రాడు మహేశ్వర్ వెలిగిపోతూ బయటికొచ్చాడు. ఎక్కడో మెట్టసీమ వాడు, సముద్రాన్ని బొమ్మల్లో తప్ప చూడలేదు. "సముద్రానికి నీళ్లు ఏ నెలలో వదులుతారని అడిగారండీ. జూలైలో, కాలవలకి వదిలినప్పుడే అన్నాను. వీసీగారు లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చారు," అన్నాడు. వాళ్ల ఊళ్లో నీళ్లంటే ఎవరో ఒకరు వదిలితే వచ్చేవే. వాడు నటించలేదు, శిక్షణా తీసుకోలేదు. అలాంటి వాడికి మొదటి ర్యాంకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

నూకరత్నం లోపలికెళ్లింది. ఉపకులపతిగారు మధ్యలో, దివాకరంగారు కుడివైపు, ఎడమవైపు ఎవరో నిపుణుడు. ఆయన ఏ విషయంలో నిపుణుడో చివరిదాకా బయటపడలేదు.

"సముద్రంలో ఉప్పు ఎలా వస్తుందమ్మా?"

"ఊళ్లోవాళ్లు గిన్నెలు కడిగిన నీళ్లలోంచండి," అంది నూకరత్నం, కళ్లలోకి చూస్తూ.

"పడవకి తెరచాప ఎందుకు?"

"ఎండ తగలకుండానండి."

ఉపకులపతిగారి కళ్లు చెమర్చాయి. "తీరప్రాంతం నుంచి ఇంత స్వచ్ఛమైన అభ్యర్థిని రావడం నేనెన్నడూ చూడలేదు. దివాకరంగారూ, ఈ అమ్మాయి ఒక్కర్తే మన సూచికకి అర పాయింటు తెస్తుంది," అన్నాడు. సీటు వచ్చేసినట్టే. నూకరత్నం ఒళ్లంతా తేలికపడింది.

"చిట్టచివరిది, స్పందనా పరీక్ష," అన్నాడు దివాకరంగారు. "కొన్ని చిత్రాలు ప్రదర్శిస్తాం. నీవు నిర్వికారంగా వీక్షించవలెను. అంతే."

గోడ మీద ఒక్కో బొమ్మే పడింది. పడవ, వల, తుపాను మేఘం. ఆమె మొహంలో గీత కదల్లేదు. ఆఖరున ఒక పటం పడింది. దివాకరంగారు గర్వంగా గొంతు సవరించుకున్నాడు. "ఇది మా గత సంవత్సరపు విద్యార్థులు ప్రాజెక్టుగా రూపొందించిన రక్షణ గోడ. స్థల సందర్శన లేకుండానే, కేవలం మేధస్సుతో. మంజూరు కూడా అయినది. వచ్చే నెలలో పాతరేవుపేటలో నిర్మాణం."

నూకరత్నం పటం చూసింది. రాళ్ల గోడ ఊరి దక్షిణం కొస నుంచి మొదలై, ఊరి మధ్యలో ఆగిపోయింది. పటం అంచు అక్కడికి అయిపోయింది కాబట్టి గోడా అక్కడికి అయిపోయింది. ఉత్తరం వైపు ఆఖరి పన్నెండు ఇళ్లు పటంలోనే లేవు. గోడ కొస దగ్గర నీరు సుడి తిరిగి ఏం చేస్తుందో ఆమెకి తెలుసు. పక్క ఊళ్లో చూసింది. ఆ పన్నెండు ఇళ్లలో తనది నాలుగోది.

నోరు మూసుకుని ఉంటే సీటు. మూడేళ్ల తర్వాత కాగితం. ఇళ్లని ముంచడానికి ఈ గోడకి మాత్రం మూడు నెలలు చాలు. నలభై ఐదు రోజుల శిక్షణ, తండ్రి చేతిలోంచి జారిన దారం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆమె బోర్డు వాళ్ల మొహాలు చూసింది. ఈ ముగ్గురికీ నిజంగానే తెలియదని అప్పుడు అర్థమైంది. వాళ్లది శిక్షణ కాదు.

"ఆ గోడ అక్కడాపకూడదండి," అంది.

ఆమె పటం దగ్గరికెళ్లి గోడ కొస మీద వేలు పెట్టింది.

"అక్కడాపితే కొసకాడ నీరు తిరిగి ఎనకమాల్నుంచి కోసేత్తాదండి. ఇళ్లన్నీ పోతాయి. ఇంకా ఉత్తరానికి తీసుకెల్లి వాగు సముద్రంలో కలిసే మొగకాడ రాతిగుట్టకి ఆన్చాలి. లేదంటే అసలు కట్టకండి. కట్టకపోతే ఇంకో నాలుగేళ్లన్నా ఉంటాయి."

దివాకరంగారు పెన్ను మూత పెట్టేశాడు. ఉపకులపతిగారు, దగ్గరివాళ్లెవరో పోయినంత బాధగా కళ్లజోడు తీశాడు. "ఎంత బాగా చెబుతూ వచ్చింది, చివరికి తెలుసునని తేలిపోయింది," అన్నాడు.

"సీటు పోతే పోయిందండి. గోడ సంగతి సూడండి," అంది నూకరత్నం.

"విశ్వవిద్యాలయ ప్రాజెక్టులపై సూచనలు నమోదిత విద్యార్థుల నుంచి మాత్రమే స్వీకరించబడును," అన్నాడు దివాకరంగారు.

"అయితే నన్ను చేర్చుకోండి. విద్యార్థిగా సెప్తాను."

"చేర్చుకొనవలెనంటే నీకు తెలియరాదు కదమ్మా."

ఆమె ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఎవరూ నవ్వడం లేదు. అదేదో వేళాకోళమైనా కొంత నయమనిపించేది. ఆమె అర్జీ పైన దివాకరంగారు ఒకే మాట రాశాడు: 'తెలుసు.'

గోడ మరుసటి నెలలోనే లేచింది. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు తీసుకున్నారు. నూకరత్నం తహసీల్దారుకి అర్జీ పెట్టింది. కలెక్టరాఫీసులో పెట్టింది. ఇద్దరూ వాటిని నిపుణుల అభిప్రాయం నిమిత్తం విశ్వవిద్యాలయానికి పంపారు. కార్తీకంలో వాయుగుండం పట్టింది. గోడ చెక్కుచెదరలేదు. కొస దగ్గర నీరు తిరిగింది. రెండు రోజుల్లో పన్నెండు ఇళ్లూ పోయాయి. నూకరత్నం ముందే ఇంటింటికీ తిరిగి పోరబట్టి మనుషులు, వంటసామాను, వలలు మిగిలాయి. గోడలూ గడపలూ మిగల్లేదు. పన్నెండు కుటుంబాలనీ సముద్రానికి పదకొండు కిలోమీటర్ల అవతల, చవుడు నేలలో రేకుల షెడ్లు వేసి పెట్టారు. పొద్దున్నే పడవ దగ్గరికి వెళ్లాలంటే లోవరాజు ఇప్పుడు బస్సెక్కాలి.

నెల తర్వాత విశ్వవిద్యాలయం బస్సు పాతరేవుపేట వచ్చింది. క్షేత్ర పర్యటన. మహేశ్వర్‌తో సహా ముప్పైమంది విద్యార్థులు నోటుపుస్తకాలు పట్టుకుని గోడ కొస దగ్గర నించుని, ఇళ్లుండిన చోట నీళ్లని చూశారు. వేటకొచ్చిన లోవరాజు, వెంట వచ్చిన నూకరత్నం కాస్త అవతల పడవకి ఆనుకుని చూస్తున్నారు.

"గమనించండి," అంటున్నాడు దివాకరంగారు ఉత్సాహంగా. "గోడ మధ్యలో ఆపినచో కొస వద్ద కోత సంభవించును. నిన్నటివరకు ఇది మీకు తెలియదు. నేడు తెలిసినది. ఈ ఒక్క పర్యటనతో మన విలువ జోడింపు దేశంలోనే ప్రథమ స్థానానికి చేరుచున్నది. వచ్చే ఏడాది విద్యార్థులకు సైతం ఇదే సదుపాయం కల్పించదలచి, పొరుగున నల్లమెరకలో ఇదే నమూనా గోడకు ప్రతిపాదన పంపియున్నాము."

మహేశ్వర్ రాసుకోవడం ఆపేశాడు. "ఇక్కడ మనుషులుండేవారా సార్?" అన్నాడు.

"అది సిలబస్‌లో లేదు," అన్నాడు దివాకరంగారు. అప్పుడు ఆయన కంట నూకరత్నం పడింది. గుర్తుపట్టి, పెద్దరికంగా దగ్గరికొచ్చాడు. "నీకొక శుభవార్త అమ్మాయ్. ప్రస్తుతం మీ నివాసం పదకొండు కిలోమీటర్లు. దూరం సమస్య పూర్తిగా తీరినది. వచ్చే విడతకి దరఖాస్తు చేసుకో. పాత రిమార్కు నేను మాఫీ చేయిస్తాను." సంచీలోంచి కొత్త ఫారం తీసి, చివరి పేజీ చూపించాడు. పైన ఒక ప్రశ్న ఉంది: 'సముద్రమును గూర్చి మీకు తెలిసినది వ్రాయుము.' కింద పేజీ అంతా తెల్లగా ఉంది. "ఇక్కడేమీ రాయకు. ఖాళీగా వదిలేస్తే చాలు, సీటు నీదే."

లోవరాజు కూతురి వైపు చూశాడు.

నూకరత్నం ఫారం తీసుకుంది. మహేశ్వర్‌ని పెన్నడిగి తీసుకుని, పడవ అంచు మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. గోడ ఎక్కడాపితే ఏ ఇల్లు ఏ నెలలో పోతుందో రాసింది. నల్లమెరకలో ఏ వరసవాళ్లు ముందు లేచిపోవాలో, ఏ గాలికి భయపడాలో, గోడ కట్టి తీరాలంటే ఎక్కడికి ఆన్చాలో రాసింది. పేజీ నిండింది. తిప్పి వెనకాల రాసింది. మహేశ్వర్ ఆమె భుజం మీదుగా వంగి చదువుతూ, తన పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాడు. వాడి వెనక ఇంకో నలుగురు చేరారు.

"ఏమమ్మా ఇది? ఇదంతా రాస్తే సీటు రాదని చెప్పితిని కదా!" అన్నాడు దివాకరంగారు.

"సీటుకి కాదండి. ఇది నల్లమెరకోళ్లకి. ఇయ్యాలే మా నాన్న పట్టుకెల్తాడు," అంది నూకరత్నం తలెత్తకుండా. వెనక పేజీ కూడా అయిపోయింది. ఆమె చెయ్యి చాపింది.

"అడిషనల్ షీటివ్వండి సార్."

దివాకరంగారు సంచీ అంతా వెతికాడు. లేదు. ఆ విశ్వవిద్యాలయంలో అప్పటిదాకా ఎవరికీ దాని అవసరం పడలేదు.